గొట్టములో నీటి దిమ్మ: దాని రాకను ముందుగా చెప్పుట ఎట్లు?

వరంగల్లు, హనుమకొండలలో కుళాయి నీటికొరకు బిందె పట్టుకొని నిలుచున్న ప్రతివారికిని ఒక అనుభవము ఉండును. కొంతకాలము ఆగిన నీరు తిరిగి వచ్చునపుడు కుళాయి మొదట బుస్సుమని గాలిని వదలును. పిదప గడగడమని చప్పుడుచేసి ఒక్కసారిగా గుక్కెడు నీటిని విసరికొట్టును. మరల గాలి, మరల నీరు. గోడకు బిగించిన గొట్టము అదరును. కొంతసేపటికిగాని ధార కుదుటపడదు. “కుళాయి దగ్గుచున్నది” అని పిల్లలు నవ్వుదురు.

ఈ దగ్గులో ఆలోచింపదగిన విషయము ఒకటి ఉన్నది. గొట్టములో గాలియు నీరును రెండును ఉన్నవి. నీరు బరువైనది కనుక అడుగునను, గాలి తేలికైనది కనుక పైనను ఉండి, రెండును ఎవరి దారిన అవి నెమ్మదిగా సాగిపోవచ్చును గదా! అట్లు పోక, నీరు అక్కడక్కడ గొట్టము నిండుగా దిమ్మకట్టి, వెనుకనున్న గాలి తోయగా పరుగెత్తుట ఎందువలన? అట్టి దిమ్మ ఎప్పుడు పుట్టును, ఎంత వేగముగా వచ్చును, ఎంత పొడవుండునని ముందుగా లెక్కకట్టి చెప్పగలమా?

ఇంటి కుళాయి విషయములో ఈ ప్రశ్నకు తొందర లేదు. కాని చమురును, సహజవాయువును మైళ్లకొలది దూరము ఒకే గొట్టములో తెచ్చుచోట దీనికి సమాధానము తెలియకున్న యంత్రములు పాడగును. ప్రాణములకు సైతము ముప్పు కలుగవచ్చును. వాయువు, ద్రవము కలిసి ప్రవహించుటను ద్విదశా ప్రవాహమందురు. అందులో ఇట్లు దిమ్మలుగా సాగు రూపమునకు ఇంగ్లీషులో స్లగ్ ప్రవాహమని పేరు. మనము దీనిని దిమ్మ ప్రవాహమని పిలుచుకొందము.

ప్రవాహ రూపములు

సమతలముగా పరచిన గాజు గొట్టములోనికి నీటిని, గాలిని వేరువేరు మోతాదులలో పంపిన పలు రూపములు కనబడును. రెండును నెమ్మదిగా పోవునపుడు నీరు అడుగున చదునుగా నుండును. ఇది స్తర ప్రవాహము. గాలి వేగము హెచ్చించిన నీటిపై అలలు లేచును. నీరు తగినంత లోతుగా ఉన్నచో ఒక అల పెరిగి గొట్టము పైకప్పును తాకి దారిని మూసివేయును. ఇదియే దిమ్మ పుట్టుక. నీరు కొద్దిగను, గాలి మిక్కిలి వేగముగను ఉన్నచో అల పైకప్పును మూయజాలదు. నీరు గొట్టము గోడల చుట్టును పొరవలె అంటుకొని, నడుమ గాలి దూసికొనిపోవును. ఇది వలయ ప్రవాహము. నీరు మిక్కిలి హెచ్చుగను వేగముగను ఉన్నచో గాలి చిన్నచిన్న బుడగలై నీటిలో చెదరిపోవును.

ఏ మోతాదులో ఏ రూపము వచ్చునో తెలిపెడి పటములను మొదట ప్రయోగములనుండి గీసిరి. 1954లో బేకర్ ప్రకటించిన పటము వీనిలో ప్రసిద్ధమైనది. 1974లో మంధానే, గ్రెగరీ, అజీజ్ అనువారు సుమారు 6,000 పరిశీలనలను ఒకచోట చేర్చి మరియొక పటము తయారుచేసిరి. కాని ప్రయోగములనుండి గీసిన పటమునకు ఒక పరిమితి కలదు. చిన్న గొట్టములో గాలి, నీటితో గీసిన గీతలు, పెద్ద గొట్టములో హెచ్చు పీడనమునందు గ్యాసు, చమురులకు వర్తించునని నమ్మకము లేదు. కారణము తెలిసినగాని ఒక చోటి ఫలితమును మరియొక చోటికి తీసికొనిపోలేము. ఆ కారణమును ఆధారముచేసికొని రూపముల హద్దులను లెక్కగట్టు పద్ధతిని 1976లో టైటెల్, డక్లర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. దాని సారమును ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రముతోనే గ్రహింపవచ్చును.

అల దిమ్మగా మారుట

నీటిపై ఒక చిన్న అల లేచినదనుకొందము. అల శిఖరముపైన గాలికి దారి ఇరుకగును. అదే గాలి ఇరుకు దారిన పోవలెను గనుక అక్కడ దాని వేగము హెచ్చును. వేగము హెచ్చినచోట పీడనము తగ్గునని బెర్నూలీ సూత్రము చెప్పుచున్నది. అందుచేత శిఖరముపై పీడనము తగ్గి, అల పైకి పీల్చబడును. పెనుగాలికి ఇంటి పైకప్పు రేకులు లేచిపోవుటకును కొంతవరకు ఇదియే కారణము.

అలను క్రిందికి లాగునది గురుత్వాకర్షణ. పైకి లేచిన నీరు తన బరువుచేత దిగజారగోరును. పీల్పు, బరువు అను ఈ రెండింటి పోటీలో బరువు గెలిచినచో అల అణగిపోవును. పీల్పు గెలిచినచో అల పెరుగును. పెరిగినకొలది దారి మరింత ఇరుకై పీల్పు మరింత హెచ్చును. కనుక ఒకసారి మొదలైన పెరుగుదల ఆగదు. గాలి వీచుటవలన నీటిపై అలలు పెరుగుటను 19వ శతాబ్దిలోనే హెల్మ్‌హోల్ట్స్, కెల్విన్ విచారించిరి. టైటెల్, డక్లర్ ఆ ఆలోచననే గొట్టమునకు అన్వయించిరి.

వారి సూత్రమును మాటలలో ఇట్లు చెప్పవచ్చును. వాయువు పోవు దారి వైశాల్యమును నీటి ఉపరితలపు వెడల్పుచే భాగింపుము. దానిని గురుత్వ త్వరణముచేతను, ద్రవ వాయువుల సాంద్రతల భేదముచేతను గుణించి, వాయు సాంద్రతచే భాగించి, వర్గమూలము తీయుము. ఆ ఫలితమును, గొట్టపు ఎత్తులో నీరులేని భాగమెంతయో ఆ భిన్నముచే గుణింపుము. వచ్చిన సంఖ్యయే సంధి వేగము. వాయువేగము దీనిని మించిన అల పెరుగును.

ఒక లెక్క

5 సెం.మీ. వ్యాసముగల గొట్టములో సగము వరకు నీరున్నదనుకొందము. గాలి పోవు దారి అర్ధవృత్తము. దాని వైశాల్యమును నీటి వెడల్పగు వ్యాసముచే భాగించిన 0.0196 మీటరు వచ్చును. నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1,000 కిలోగ్రాములు, గాలిది 1.2 కిలోగ్రాములు; కనుక భేదమును గాలి సాంద్రతచే భాగించిన సుమారు 832. గురుత్వ త్వరణము 9.8. ఈ మూడింటి లబ్ధము 160. దాని వర్గమూలము 12.6. నీరులేని భాగము సగము గనుక 0.5 చేత గుణించిన 6.3. అనగా గాలి సెకనుకు సుమారు 6.3 మీటర్ల వేగమును మించినప్పుడు అల పెరుగును.

ఇదేవిధముగా లెక్కించిన, నీరు గొట్టపు ఎత్తులో ముప్పాతికవరకు ఉన్నచో సంధి వేగము 2.1 మీటర్లకు పడిపోవును. పాతికవరకే ఉన్నచో సుమారు 13 మీటర్లకు పెరుగును. నీటిమట్టము హెచ్చినకొలది కొద్ది గాలికే దిమ్మ పుట్టునని దీనివలన తెలియుచున్నది. పాతిక లోతుననైతే అల పెరిగినను గొట్టమును మూయుటకు నీరు చాలదు. అప్పుడు వచ్చునది వలయ ప్రవాహము.

ఇప్పుడు అర మీటరు వ్యాసముగల గ్యాసు గొట్టమును తీసికొందము. అందు హెచ్చు పీడనమువలన వాయువు చిక్కబడి దాని సాంద్రత 50 కిలోగ్రాములనియు, ద్రవ సాంద్రత 700 కిలోగ్రాములనియు అనుకొందము. గొట్టము సగము నిండియున్నచో సంధి వేగము సుమారు 2.5 మీటర్లు మాత్రమే. గొట్టము పదింతలు పెద్దదైనను, వాయువు బరువెక్కుటచేత దిమ్మ మరింత సులభముగా పుట్టుచున్నది. పీడనమును విస్మరించి, గాలి నీటి ప్రయోగమును మాత్రమే నమ్ముకొన్నవాడు ఇక్కడ పొరబడును.

ఈ లెక్కలో నీటిమట్టము ముందుగా తెలిసినట్లు భావించితిమి. నిజమునకు దానిని కూడ కనుగొనవలెను. గోడ రాపిడి నీటిని వెనుకకు పట్టుచుండును. వేగముగా పోవు గాలి దానిని ముందుకు ఈడ్చుచుండును. ఈ రెండు బలములు సరితూగు మట్టమువద్ద నీరు నిలుచును. గొట్టము ఏమాత్రము ఎగువకు వాలియున్నను నీటిని దాని బరువే వెనుకకు లాగును గనుక మట్టము హెచ్చును. దిగువకు వాలియున్నచో నీరు త్వరగా జారిపోయి మట్టము తగ్గును. ఒక డిగ్రీ వాలు కంటికి కనబడదు గాని, ప్రవాహ రూపమును మార్చివేయగలదు.

దిమ్మ వేగము, పొడవు

దిమ్మ పుట్టిన పిదప అది ఎట్లు నడచును? అదే 5 సెం.మీ. గొట్టములో సెకనుకు 1 లీటరు నీటిని, 3 లీటర్ల గాలిని పంపితిమనుకొందము. మొత్తము 4 లీటర్లు. గొట్టపు వైశాల్యముచే భాగించిన మిశ్రమ వేగము సెకనుకు సుమారు 2 మీటర్లు. దిమ్మలోని నీరు ఇంచుమించు ఈ వేగముతోనే పోవును. కాని దిమ్మ మాత్రము దీనికి సుమారు 1.2 రెట్లు, అనగా 2.4 మీటర్ల వేగముతో పోవును!

దిమ్మలోని నీటికన్న దిమ్మ వేగముగా పోవుట వింతగా తోచవచ్చును. దిమ్మకు ముందు గొట్టపు అడుగున నీటి పొర నెమ్మదిగా పోవుచుండును. దిమ్మ దానిని దారిలో ఎత్తుకొని తనలో కలుపుకొనును. అదే సమయమున దిమ్మ తోకనుండి కొంత నీరు జారి వెనుకబడును. జాతర త్రోవలో పోవు గుంపులో ముందు కొందరు చేరుచు, వెనుక కొందరు విడిపోవుచున్నచో, గుంపు తనలోని మనుష్యులకన్న వేగముగా ముందుకు జరుగును గదా! దిమ్మయు అట్టిదే. ముందు చేరు నీరు, వెనుక విడిపోవు నీరు సమానమైనపుడు దిమ్మ పొడవు స్థిరపడును. చేరునది హెచ్చైన దిమ్మ పెరుగును, తక్కువైన కరగిపోవును. 1975లో డక్లర్, హబ్బర్డ్ ఈ జమాఖర్చు ఆధారముగా దిమ్మ ప్రవాహమును లెక్కించు పద్ధతిని ప్రకటించిరి.

ప్రవాహము నెమ్మదిగా ఉన్నపుడు 1.2 రెట్లను నియమము చాలదు. అప్పుడు మిశ్రమ వేగమునకు 1.05 రెట్లు తీసికొని, దానికి గురుత్వ త్వరణము, వ్యాసముల లబ్ధపు వర్గమూలములో 0.54 వంతు కలుపవలెను. నీరు నిండిన గొట్టపు కొన తెరచినపుడు నీరు క్రిందనుండి జారుచుండగా గాలి పైనుండి లోనికి చొరబడు వేగమే ఈ రెండవ భాగము.

చిన్న గొట్టములలో స్థిరపడిన దిమ్మ పొడవు వ్యాసమునకు సుమారు 20 నుండి 30 రెట్లుండును. మన ఉదాహరణములో అది ఒకటి, ఒకటిన్నర మీటర్లు. దిమ్మలు ఎంతకొకసారి వచ్చునో తెలుపుటకు 1969లో గ్రెగరీ, స్కాట్ చిన్న గొట్టములతో చేసిన ప్రయోగములనుండి ఒక సూత్రము నిచ్చిరి. దాని ప్రకారము మన గొట్టములో సుమారు రెండు సెకనులకు ఒక దిమ్మ రావలెను. ఇది సగటు మాత్రమే. ఏ రెండు దిమ్మలును ఒకే పొడవు కలిగియుండవు. చిన్న దిమ్మ కరగి దాని నీరు వెనుకటి దిమ్మలో చేరును. ఆ దిమ్మ మరింత పెద్దదగును.

దిమ్మ ఎప్పుడు పుట్టునో, ఎంత వేగముగా పోవునో బాగుగనే చెప్పగలము. ఎంతకొకసారి వచ్చునో సుమారుగా చెప్పగలము. రాబోవు ఫలానా దిమ్మ పొడవెంతయో చెప్పలేము. ఇన్ని దిమ్మలలో ఇంత పొడవును మించునవి ఎన్ని ఉండగలవో మాత్రమే చెప్పగలము. అలాస్కాలోని ప్రూడో బే చమురు క్షేత్రములో 12, 16 అంగుళముల గొట్టములపై జరిగిన పరీక్షల ఫలితములు 1981లో వెలువడినవి. సగటుకన్న ఎన్నో రెట్లు పొడవైన దిమ్మలు అరుదుగనైనను వచ్చునని వానివలన స్పష్టమైనది. వర్షపాతపు సగటునుబట్టి చెరువు కట్ట కట్టరాదు. పెద్ద వరదను బట్టి కట్టవలెను. కాకతీయుల చెరువుల నడుమ పెరిగిన వరంగల్లు విద్యార్థులకు ఈ మాట వేరుగ వివరింపనక్కరలేదు.

తీరమునకు వచ్చు గ్యాసు

కృష్ణా గోదావరి తీరమున ఈ విషయము పుస్తకములకు పరిమితమైనది కాదు. రవ్వ క్షేత్రమునుండి 1993లో చమురు ఉత్పత్తి మొదలైనది. కాకినాడకు సమీపమున గాడిమొగ వద్దనున్న తీర కేంద్రమునకు లోతు సముద్రపు డి-6 క్షేత్రమునుండి 2009 ఏప్రిలులో గ్యాసు రాసాగినది. బావినుండి వచ్చు గ్యాసు ఒంటరిగా రాదు. నీరు, తేలికపాటి నూనెలు వెంట వచ్చును. సముద్రపుటడుగు చదును కాదు. పల్లములలో ద్రవము నిలిచి, దారి మూసికొనును. వెనుక వాయు పీడనము పెరిగి పెరిగి, ఒక్కసారిగా ఆ ద్రవమంతటిని ముందుకు నెట్టును. సమతలముపై అల పెరుగుటవలన పుట్టు దిమ్మలకన్న, ఎత్తుపల్లములవలన పుట్టు ఈ దిమ్మలు మిక్కిలి పొడవైనవి.

అర మీటరు గొట్టములో 200 మీటర్ల పొడవుగల దిమ్మ వచ్చినదనుకొందము. అందలి ద్రవము సుమారు 39 ఘనపు మీటర్లు, అనగా 39,000 లీటర్లు. సెకనుకు 5 మీటర్ల వేగముతో వచ్చినచో ఇంత ద్రవము 40 సెకనులలో గొట్టపు కొనకు చేరును. వాయువును, ద్రవమును వేరుచేయు పాత్ర దీనికి తగినంత పెద్దది కానిచో ద్రవము పొంగి, గ్యాసును నొక్కు యంత్రములోనికి పోవును. అందుచేత తీర కేంద్రములలో మొట్టమొదట దిమ్మలను పట్టి నిలుపు పెద్ద పాత్రలను గాని, వరుసగా పేర్చిన లావుపాటి గొట్టములను గాని అమర్తురు. వాని పరిమాణము ఎంత ఉండవలెనో నిర్ణయించునది పైన చెప్పిన జోస్యమే.

దిమ్మ తాకిడియు తక్కువది కాదు. 700 సాంద్రతగల ద్రవము సెకనుకు 5 మీటర్ల వేగముతో అర మీటరు గొట్టపు లంబకోణపు వంపును తాకినపుడు కలుగు బలము సుమారు 4,900 న్యూటన్లు. ఇది అర టన్ను బరువుతో సమానము. 50 సాంద్రతగల వాయువు అదే వేగముతో పోవునపుడు కలుగు బలము ఇందులో 14వ వంతే. వంపువద్ద ఈ బలము నిమిషమునకు పలుమార్లు వచ్చి పోవుచుండును. ఇనుప తీగను అటునిటు వంచిన విరుగునట్లు, మాటిమాటికి కలుగు అదురు గొట్టపు అతుకులను, ఆధారములను బలహీనపరచును.

గ్యాసు గొట్టములో ద్రవము చేరుటవలని అపాయము దిమ్మలతోనే తీరదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామమున గ్యాసు గొట్టము పగిలి మంటలు చెలరేగి ఇరువదిమందికి పైగా మరణించిరి. ఆ ప్రమాదము దిమ్మ తాకిడివలన జరిగినది కాదు. తడితో కూడిన గ్యాసువలన గొట్టము లోపల తుప్పుపట్టుట అందుకు కారణమైనది. అయినను రెండింటికిని మూలమైన ప్రశ్న ఒకటే: గొట్టములో ద్రవము ఎక్కడ, ఎంత నిలుచుచున్నది? ఈ ప్రశ్నను లెక్కించి తెలిసికొనుట గొట్టము ప్రక్కన నివసించు జనుల క్షేమమునకు సంబంధించిన పని.

పొడవైన గొట్టములకు ఈ లెక్కలను చేతితో చేయజాలము. గొట్టమును చిన్నచిన్న ముక్కలుగా భావించి, ప్రతి ముక్కలోను ద్రవ్యరాశి, ద్రవ్యవేగముల జమాఖర్చును క్షణక్షణమునకు కంప్యూటరుచే వేయింతురు. 1980వ దశకమున నార్వేలో వృద్ధిచేసిన ‘ఓల్గా’ అను పద్ధతి ఇట్టిది. అందులోను రాపిడి మొదలైన వానికి ప్రయోగములనుండి తెచ్చిన సంఖ్యలనే వాడవలెను. చిక్కని నూనెల విషయములో ఆ సంఖ్యలపై పరిశోధన ఇంకను సాగుచున్నది.

మన ఊరి గొట్టములు

గ్యాసు లేనిచోటను ఈ శాస్త్రము పనికివచ్చును. దేవాదుల ఎత్తిపోతల పథకములో గంగారంవద్ద గోదావరి నీటిని ఎత్తి, భీంఘనపురం, పులకుర్తిల మీదుగా ఉక్కు గొట్టములద్వారా ధర్మసాగరమునకు చేర్తురు. వరంగల్లు నగరమునకు త్రాగునీరిచ్చు చెరువులలో ధర్మసాగరము ఒకటి. ఇట్టి ఖాళీ గొట్టమును నింపునపుడు లోపలి గాలి బయటికి పోవలెను. నీటిని తొందరపడి వదలినచో గాలి మిట్టలవద్ద చిక్కుకొని, నీరు దిమ్మలుగా పరుగెత్తి గొట్టమును కొట్టును. అందుకే పెద్ద గొట్టములకు మిట్టలపై గాలి కవాటములు పెట్టి, మొదట నీటిని నెమ్మదిగా నింపుదురు. ఇంటిలోను ఇదే నియమము. నీరు వచ్చు వేళకు కుళాయిని కొద్దిగా మాత్రమే తెరచియుంచిన దగ్గు తగ్గును.

పాఠశాలలో ఒక ప్రయోగము

25 మి.మీ. వ్యాసము, 4 మీటర్ల పొడవుగల పారదర్శక ప్లాస్టిక్ గొట్టమును సమతలమైన బల్లపై పరచుము. ఒక కొనకు మూడు నోళ్ల అతుకు బిగించి, ఒక నోటినుండి కుళాయి నీటిని, మరియొక నోటినుండి గాలిని పంపవలెను. గాలిని కొలిచి పంపుటకు ఉపాయము కలదు. 20 లీటర్ల డబ్బా మూతను బిగించి, అందులోనికి నిమిషమునకు 6 లీటర్ల చొప్పున నీరు పోయునట్లు చేయుము. నీరు ఎంత చేరునో ఇంచుమించు అంత గాలి రెండవ రంధ్రమునుండి బయటికి వచ్చును. గొట్టములోనికి నేరుగా పంపు నీరును నిమిషమునకు 6 లీటర్లుండనిమ్ము. అప్పుడు మిశ్రమ వేగము సెకనుకు 0.4 మీటరు.

పొడవైన గాలి బుడగలు, వాని నడుమ నీటి దిమ్మలు కనబడును. గొట్టముపై 2 మీటర్ల దూరములో రెండు గీతలు గీచి, బుడగ ముక్కు ఒక గీతనుండి మరియొక గీతకు చేరు కాలమును కొలువుము. వేగము 0.4 మీటరుకన్న హెచ్చుగా వచ్చునా, ఎంత హెచ్చు? పిదప 50 దిమ్మల పొడవులను కొలిచి, ఏ పొడవుగలవి ఎన్ని వచ్చినవో పటము గీయుము. చివరగా గొట్టము నడుమ క్రింద ఒక పలకను పెట్టి కొద్దిగా ఎత్తు చేసి, దిమ్మలు ఎట్లు మారునో గమనింపుము. సన్నని గొట్టములో తలతన్యత కూడ పనిచేయును గనుక పై సూత్రములకు కొద్ది తేడా రాగలదు; ఎంత తేడా వచ్చినదో వ్రాసికొనుట కూడ ప్రయోగములో భాగమే.

వరంగల్లులో 1959 అక్టోబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిన ప్రాంతీయ ఇంజనీరింగు కళాశాల 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారినది. అచ్చట కెమికల్ ఇంజనీరింగు చదువగోరు విద్యార్థి ఈ ద్విదశా ప్రవాహమును విస్తృతముగా నేర్చుకొనును. కాని మొదటి పాఠము ఇంటి కుళాయివద్దనే ఉన్నది. రేపు ఉదయము అది దగ్గినపుడు బిందెను ఒక క్షణము ప్రక్కకు పెట్టి, చేతి గడియారము చూచి, రెండు దగ్గుల నడుమ ఎన్ని సెకనులు గడచినవో లెక్కింపుడు. మరునాడు కుళాయిని తక్కువగా తెరచి మరల లెక్కింపుడు. ఆ రెండు సంఖ్యలు ఎందుకు వేరైనవో తరగతిలో విచారింపుడు.